ఆవు చుట్టూ తిరిగే ఏడాది: ఐర్లండ్ పల్లె పండగలు

జనవరి 31. పొద్దు గూకింది. ఐర్లండ్ ఉత్తరాన డొనెగల్ ప్రాంతంలో ఒక పూరిల్లు. పొయ్యి మీద ఆలుగడ్డలు ఉడుకుతున్నాయి. ఇంటి ఆడపిల్ల బయట చీకట్లో నిలబడి ఉంది. చేతుల్లో పచ్చగడ్డి మోపు. మన తుంగను పోలిన ఆ గడ్డిని వాళ్లు రష్ అంటారు. మూసిన తలుపు ముందు నిలబడి ఆ పిల్ల గట్టిగా పిలుస్తుంది: "మోకాళ్ల మీద వంగండి, కళ్లు తెరవండి, బ్రిజిడ్‌ను లోపలికి రానివ్వండి." లోపలున్న వాళ్లంతా ఒక్క గొంతుతో రమ్మని ఆహ్వానిస్తారు. తలుపు తెరుచుకుంటుంది. ఆ మోపును నేల మీద పరిచి దాని మీద ఆలుగడ్డల గిన్నె పెడతారు. మెత్తగా మెదిపిన ఆలుగడ్డల్లో వెన్న వేసుకుని అందరూ కలిసి తింటారు. భోజనం అయ్యాక గిన్నె కిందున్న ఆ గడ్డితోనే శిలువలు అల్లుతారు. ఒకటి ఇంటి తలుపు పైన, ఒకటి పశువుల కొట్టంలో.

గడ్డి తేవడానికీ ఒక పద్ధతి ఉంది. కొడవలితో కోయకూడదు, చేత్తో పీకాలి. పడుకునే ముందు ఒక గుడ్డ ముక్కను కిటికీ గట్టు మీదో, పెరట్లో పొద మీదో వదిలేస్తారు. ఆ రాత్రి సెయింట్ బ్రిజిడ్ ఊరూరా తిరుగుతూ దాన్ని తాకి వెళుతుందని నమ్మకం. ఏడాదంతా ఆ గుడ్డ ఇంట్లో మందు కింద లెక్క. తలనొప్పి వస్తే నుదుటికి కడతారు, కాన్పు కష్టమైన మనిషి మీద కప్పుతారు, ఆవు ఈనేటప్పుడు దాని వీపు మీద వేస్తారు. మనిషి కాన్పుకూ ఆవు ఈతకూ ఒకటే గుడ్డ. ఐర్లండ్ పండగలు అర్థం కావాలంటే ఈ విషయం దగ్గర కాసేపు ఆగాలి.

ఈ పండగల గురించి వెతికితే ముందుగా దొరికేది డ్రూయిడ్లు అనే పాత కెల్టిక్ పూజారుల కథ. వేల ఏళ్ల నాటి కెల్టిక్ మతం, దాని మీద క్రైస్తవం కప్పిన పైపూత, ఆ పూతను గీకితే బయటపడే పాత దేవతలు. వినడానికి బాగుంటుంది, కొంత నిజమూ ఉండొచ్చు. క్రీ.శ. 900 ప్రాంతంలో కోర్మాక్ పేరుతో తయారైన పదకోశం బ్రిజిడ్‌ను కవులు కొలిచిన దేవతగా చెబుతుంది. అదే పేరుతో కిల్డేర్‌లో మఠం పెట్టిన సెయింట్ బ్రిజిడ్‌ను ఐర్లండ్ మొత్తం పూజిస్తుంది. కానీ డ్రూయిడ్లు తమ చేత్తో రాసి ఉంచింది ఒక్క ముక్క కూడా లేదు. మనకున్న పాత రాతలన్నీ క్రైస్తవ మఠాల్లో పుట్టినవే. నవంబర్ 1ని "కెల్టుల కొత్త సంవత్సరం" అనడం 19వ శతాబ్దం చివర్లో జాన్ రీస్ అనే ఆక్స్‌ఫర్డ్ పండితుడి వల్ల ప్రచారంలోకి వచ్చింది. ఆయన ఊహ ఈరోజు ప్రతి హాలోవీన్ వ్యాసంలోనూ తిరుగులేని సత్యంలా కనిపిస్తుంది.

దీనికంటే గట్టి ఆధారం వేరే చోట ఉంది. 1935లో ఐర్లండ్ ప్రభుత్వం జానపద సంప్రదాయాల సేకరణకు ఒక కమిషన్ ఏర్పాటు చేసింది. 1937 నుంచి 1939 దాకా సుమారు 5,000 ప్రాథమిక పాఠశాలల పిల్లలు, 11 నుంచి 14 ఏళ్ల వాళ్లు, ఇళ్లలో తాతల్నీ అవ్వల్నీ అడిగి విన్నది విన్నట్టు నోట్‌బుక్కుల్లో రాశారు. దాదాపు 7,40,000 పేజీలు పోగయ్యాయి. యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్ దగ్గరున్న ఈ భాండాగారాన్ని 2017లో యునెస్కో తన ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. ఆ పిల్లల రాతల్లో డ్రూయిడ్లు అరుదు. ఉన్నది ఆవు, పాలు, వెన్న, పొయ్యిలో నిప్పు, గడప, పొరుగింటివాళ్ల దిష్టి.

ఐర్లండ్ తేమ ఎక్కువగా ఉండే దేశం. గోధుమ పండించడం కష్టం, పచ్చగడ్డికి మాత్రం కొదవ లేదు. అందుకే అక్కడి ఏడాది పశువు కదలికను బట్టి విడిపోయింది. ఫిబ్రవరి 1 నాటికి ఆవులు, గొర్రెలు ఈనడం మొదలై చలికాలంలో ఎండిన పాడి మళ్లీ వస్తుంది. మే 1కి పశువుల్ని కొండల మీది మేత బీళ్లకు తోలుతారు. అక్కడ వేసుకునే వేసవి గుడిసెల్ని బూలీ అంటారు. ఎక్కువగా అమ్మాయిలూ కుర్రవాళ్లూ ఆ గుడిసెల్లో ఉండి పాలు పితికి వెన్న తీసేవారు. ఆగస్టు 1 ప్రాంతంలో కొత్త పంట. నవంబర్ 1కి పశువులు తిరిగి ఇంటికి. కౌలు కట్టే గడువులూ, పాలేర్లను కుదుర్చుకునే సంతలూ కూడా మే, నవంబర్ నెలల చుట్టూనే ఉండేవి. వీటిలో చివరి మూడు పండగల పేర్లు బ్యాల్తినె, లూనసా, సావిన్. ఈనాటి ఐరిష్ భాషలో మే, ఆగస్టు, నవంబర్ నెలలకూ ఇవే పేర్లు. పండగ మాత్రం ఆ తేదీన కాదు, ముందు రోజు పొద్దు గూకగానే మొదలవుతుంది.

వీటిలో అందరికీ టెన్షన్ పెట్టే పండగ సావిన్ (హాలోవీన్) అనుకుంటాం. అది పొరపాటు. పల్లె ఇల్లాలికి గుండె దడ పుట్టించేది మే నెల మొదటి పొద్దు.

పైకి చూస్తే అది పూల పండగ. పిల్లలు వెళ్లి పసుపుపచ్చని పూలు కోసుకొచ్చి గడప మీద, కిటికీల దగ్గర, కొట్టం ముందు చల్లుతారు. తూర్పున లెన్‌స్టర్ ప్రాంతంలో హాథార్న్ అనే ముళ్లచెట్టు కొమ్మను ముంగిట పాతి, ఈస్టర్‌కు వాడిన గుడ్ల పెంకులూ రంగు గుడ్డలూ కట్టి ముస్తాబు చేస్తారు. అదే కొమ్మను పూలతో ఇంట్లోకి తెస్తే మాత్రం కీడు. ఆడపిల్లలు తెల్లవారుజామున మంచు నీళ్లతో మొహం కడుక్కుంటారు, రంగు వస్తుందని. ఇదంతా సరదా.

ఆ పూల వెనక ఉన్నది భయం. మే నెల తెల్లవారుజామున ఎవరైనా మీ ఇంటి వెన్న "భాగ్యాన్ని" ఎత్తుకుపోవచ్చు. అంటే వెన్న ముద్దను దొంగిలించడం కాదు. ఆ ఏడాది మీరెంత చిలికినా వెన్న పడదు, మీకు రావలసిందంతా ఎత్తుకుపోయిన వాళ్ల చిలికే పీపాలో తేలుతుంది. దానికి వాళ్లు చేయాల్సింది చాలా చిన్న పని. మీ పొలంలోని మంచును ఒక గుడ్డతో ఈడ్చుకుంటూ "అంతా నాకే రా" అనడం, మీ బావిలో ఆ రోజు పైనున్న మొదటి నీళ్లు తోడుకుపోవడం, లేదా మీ పొయ్యిలోంచి ఒక నిప్పుకణిక అడిగి తీసుకెళ్లడం. కాబట్టి ఆ రోజు నిప్పు, పాలు, ఉప్పు ఏదీ గడప దాటకూడదు. మామూలు రోజుల్లో కాదనకుండా ఇచ్చే ఇల్లాలు ఆ రోజు పక్కింటివాళ్లకు సైతం లేదని చెబుతుంది. కొందరు తెల్లవారేదాకా బావి దగ్గర కాపలా కాసేవారు. ఊళ్లో అందరికంటే ముందు పొయ్యి రాజేసి, పొగ కనిపించేలా చేయడానికీ భయమే.

ఏడాది పొడుగునా చిలికేటప్పుడు కూడా జాగ్రత్తలే. ఇంట్లో వెన్న తీస్తుండగా ఎవరు గుమ్మంలో అడుగు పెట్టినా "దేవుడు పనిని చల్లగా చూడాలి" అని, నాలుగు దెబ్బలు తామూ చిలికి మరీ వెళ్లాలి. చెయ్యి వేయకుండా వెళ్లిపోయిన మనిషి మీద అనుమానం. పీపా కింద ఒక నిప్పుకణిక, లోపల చిటికెడు ఉప్పు, పీపాకు కొట్టిన గాడిద నాడా. వీటిలో ఏదో ఒకటి లేని ఇల్లు తక్కువ.

ఒక వెన్న ముద్ద కోసం ఇంత భయమెందుకు? పేద కౌలు రైతు తిన్నది ఆలుగడ్డ. అమ్మి కౌలు కట్టింది వెన్నతో, పందితో. కోర్క్ నగరంలో 1770 ప్రాంతం నుంచి నడిచిన వెన్న మార్కెట్ 19వ శతాబ్దంలో ప్రపంచంలోనే పెద్దదిగా పేరుపడింది. ఇంట్లో చిలికిన వెన్న అక్కడిదాకా వెళ్లేది. వెన్న పడకపోతే కౌలు బాకీ పడుతుంది, బాకీ పడితే భూమిలోంచి గెంటేస్తారు. పాలు ఎక్కువ చల్లగా ఉన్నా, వేడెక్కినా, పీపా సరిగ్గా కడగకపోయినా, ఆవుకు జబ్బు చేసినా వెన్న పడదని ఈరోజు మనకు తెలుసు. థర్మామీటర్ లేని ఇంట్లో, అదే గడ్డి తిన్న పక్కింటి ఆవు పాలు పీపా నిండా వెన్న ఇస్తుంటే, కారణం కోసం చూపు పక్కింటి వైపే పోతుంది.

ఆ చూపు చివరికి ఎవరి మీద పడేదో కూడా చెప్పుకోవాలి. ఐర్లండ్ అంతటా వినిపించే ఒక కథ ఉంది. తెల్లవారుజామున ఒక కుందేలు ఆవు పొదుగు దగ్గర పాలు తాగుతూ కనిపిస్తుంది. ఎవరో తరిమి కాలికి గాయం చేస్తారు. నెత్తురు చుక్కల వెంట వెళితే ఒక గుడిసె, లోపల కాలికి గుడ్డ కట్టుకుని మూలుగుతున్న ఒంటరి ముసలామె. కుందేళ్లుగా మారి పాలు తాగే ముసలివాళ్ల గురించి 12వ శతాబ్దంలోనే జెరాల్డ్ ఆఫ్ వేల్స్ రాశాడు. టూరిజం పుస్తకాలు ఈ కథను ముచ్చటగా చెప్పి వదిలేస్తాయి. అలా వదిలేయడం సరికాదు. ఆవు లేని, మగదిక్కు లేని, పక్కింటి ముందు చెయ్యి చాచక తప్పని మనిషి మీదే ప్రతి ఊళ్లోనూ అనుమానం వాలింది. మే నెల పూలు చల్లిన గడపే ఆ మనిషి మొహం మీద మూసిన గడప కూడా.

మే దాటాక మధ్యలో జూన్ 23 రాత్రి సెయింట్ జాన్ మంటలు వస్తాయి. పడమటి జిల్లాల్లో ఇప్పటికీ వేస్తున్నారు. ఆ తర్వాత వచ్చే జూలైని జనం "ఆకలి జూలై" అన్నారు. పాత ఆలుగడ్డలు అయిపోయి, కొత్తవి ఇంకా నేలలోనే ఉండే నెల అది. ఆకలేసినా సరే లూనసాకు ముందు తవ్వకూడదు. తవ్వితే అరిష్టం, పైగా ఇంటాయనకు సంసారం చేతకాదని ఊరంతా అనుకుంటుంది. గడ్డ ఊరకముందే తవ్వితే ఏడాది తిండి తగ్గిపోతుంది కాబట్టి, ఆ నిషేధం వెనక మంచి లెక్కే ఉంది. జూలై చివరి ఆదివారం మొదటి తవ్వకం, కొత్త ఆలుగడ్డల భోజనం. అదే రోజు యువతీ యువకులు కొండలెక్కి నేరేడు రంగు బిల్‌బెర్రీ పళ్లు ఏరుకుంటూ, ఆడుతూ పాడుతూ సాయంత్రం దాకా ఉండిపోయేవారు. ఎన్నో పెళ్లిళ్లు ఆ కొండల మీదే కుదిరాయి.

ఈ పండగ మీద మాయిర మెక్‌నీల్ చేసిన పరిశోధన 1962లో వెలువడింది. కమిషన్ పంపిన ప్రశ్నలకు పల్లెల నుంచి వచ్చిన జవాబుల్ని ఆధారం చేసుకుని, కొండల మీద, చెరువుల దగ్గర, బావుల దగ్గర దాదాపు 200 చోట్ల జనం ఇలా కూడేవారని ఆమె చూపించారు. వాటిలో ఈనాటికీ పెద్దది మేయో జిల్లాలోని క్రో పాట్రిక్. 764 మీటర్ల రాతి కొండను జూలై చివరి ఆదివారం వేలమంది ఎక్కుతారు, కొందరు చెప్పుల్లేకుండా. ఆలుగడ్డ దక్షిణ అమెరికా పంట. ఐర్లండ్‌కు చేరింది 16వ శతాబ్దం చివర్లో. అంటే పాత ధాన్యపు పండగలోకి కొత్త పంట వచ్చి, రెండు మూడు వందల ఏళ్లలోనే "అనాదిగా వస్తున్న ఆచారం"గా కుదురుకుంది. పండగలు మారకుండా నిలబడటం వల్ల బతకలేదు. ఆ ఏడాది కడుపు నింపేది ఏదైతే దాన్ని పట్టుకుని బతికాయి.

సావిన్ రాత్రి అంటే అక్టోబర్ 31. అప్పటికి పొలంలో ఏదీ మిగలకూడదు. మిగిలిన బెర్రీ పళ్ల మీద పూకా అనే మాయావి ఉమ్మేస్తుందని పిల్లలకు చెప్పేవారు. నవంబర్ వచ్చేసరికి ఆ పళ్లు ఎలాగూ పాడై ఉంటాయి. చర్చి లెక్క ప్రకారం అది మాంసం ముట్టని రోజు. అందుకే ఆ రాత్రి తిండి కొల్కానన్. ఆలుగడ్డను, కేల్ అనే ఆకుకూరను కలిపి మెదిపి, కుప్ప మధ్యలో గుంట చేసి, దాన్నిండా వెన్న వేస్తారు. వెన్న కరిగి చిన్న బావిలా నిలుస్తుంది. ఒక్కో చెంచా తీసి ఆ బావిలో ముంచుకుని తినాలి. ఏడాదంతా వెన్నను అమ్ముకుని తామేమో ఆలుగడ్డే తిన్న ఇంట్లో ఆ గుంట నిండా వెన్న ఏమిటో ఊహించుకోవచ్చు. తర్వాత బార్మ్‌బ్రాక్ అనే ఎండుద్రాక్షల రొట్టె కోస్తారు. ముక్కలో ఉంగరం వస్తే పెళ్లి, నాణెం వస్తే డబ్బు, గుడ్డపీలిక వస్తే లేమి.

టర్నిప్ గడ్డను తొలిచి, కళ్లూ పళ్లూ చెక్కి, లోపల దీపం పెట్టి భయపెట్టడం కుర్రవాళ్ల పని. మేయో జిల్లా టర్లో పార్క్‌లోని జాతీయ మ్యూజియంలో డొనెగల్ నుంచి వచ్చిన అలాంటి టర్నిప్ మొహానికి పోసిన అచ్చు ఒకటి ఉంది. ముడతలు పడి, నోరు వంకరపోయి, ఈనాటి నారింజ రంగు గుమ్మడికాయకంటే ఎన్నో రెట్లు భయంకరంగా ఉంటుంది. 1845లో మొదలైన ఆలుగడ్డ కరువులో సుమారు 10 లక్షల మంది చనిపోయారు, మరో 10 లక్షల మందికి పైగా దేశం వదిలారు. అమెరికా చేరిన వాళ్లకు అక్కడ పెద్దగా, మెత్తగా గుమ్మడి దొరికింది. ఇప్పుడా గుమ్మడే అట్లాంటిక్ దాటి ఐర్లండ్ దుకాణాల్లోకి తిరిగి వచ్చింది.

కానీ ఈ సందడంతా అయ్యాక, నవంబర్ 2న చచ్చిపోయినవాళ్ల రాత్రి వస్తుంది. ఇల్లు ఊడ్చి, పొయ్యిలో నిప్పు ఆరకుండా కప్పి, చుట్టూ కుర్చీలు వేసి, ఒక గిన్నెతో నీళ్లు పెట్టి, తలుపు గడియ తీసి ఉంచి త్వరగా పడుకునేవారు. ఇంట్లోంచి వెళ్లిపోయినవాళ్లు ఆ రాత్రి వచ్చి కాసేపు చలికాచుకుని వెళతారని. ఐర్లండ్ ఆచారాలన్నిటిలో ఇంత నిశ్శబ్దమైనదీ, ఇంత ప్రేమగలదీ మరొకటి కనిపించదు. భయపెట్టే దయ్యాల పండగగా ప్రపంచానికి తెలిసినదాని పక్కనే ఇది ఉండటం చూస్తే, మనకు అందింది సగమే అనిపిస్తుంది.

నవంబర్ 11, సెయింట్ మార్టిన్ రోజు. దీని గురించి బయట ఎవరూ మాట్లాడరు. ఆ పూటకు ప్రతి ఇంట్లో ఒక ప్రాణి నెత్తురు చిందాలి. పేదవాళ్ల ఇంట్లో కోడిపుంజు, ఉన్నవాళ్ల ఇంట్లో ఇంకా పెద్దది. ఆ నెత్తురు గడప మీద, ఇంటి నాలుగు మూలలా చల్లి, పిల్లల నుదుటి మీద శిలువ గుర్తు పెట్టేవారు. మాంసంలో భాగం పేదలకు పోయేది. చలికాలానికి మేత చాలదు కాబట్టి మందను తగ్గించుకోక తప్పని సమయం అది. ఆ రోజు బండి చక్రమైనా, రాట్నమైనా, తిరగలి అయినా తిరగకూడదు.

ఆ తర్వాత కొట్టం నుంచి ఇంట్లోకి వస్తాం. క్రిస్మస్ ముందు రాత్రి కిటికీలో పెద్ద కొవ్వొత్తి. చాలా ఇళ్లలో అందరికంటే చిన్నపిల్ల వెలిగిస్తుంది. చోటు దొరక్క తిరిగిన మేరీ, జోసెఫ్‌లకు ఈ ఇంట్లో చోటుందని దాని అర్థం. డిసెంబర్ 26న రెన్ అనే బుల్లి పిట్ట పేరుతో గడ్డి వేషాలు కట్టిన కుర్రవాళ్లు ఇల్లిల్లూ తిరిగి డబ్బు అడుగుతారు. ఒకప్పుడు పిట్టను నిజంగానే చంపేవారు, ఇప్పుడు బొమ్మ. కెర్రీ జిల్లా డింగిల్‌లో ఆ రోజు వీధుల్లో జనం పట్టరు. జనవరి 6 "ఆడవాళ్ల క్రిస్మస్". కోర్క్, కెర్రీ జిల్లాల్లో ఆ రోజు ఇంటిపని మగవాళ్లది. మాంసం, విస్కీ మగవాళ్ల క్రిస్మస్‌వి అయితే, టీ, ఎండుద్రాక్షల కేక్ దీనివి. హోటళ్లలో ఆడవాళ్ల గుంపులతో ఈ పండగ ఈమధ్య మళ్లీ ఊపందుకుంది.

వీటిలో ఏవి పోయాయి, ఏవి మిగిలాయి అన్నదానికీ ఆవే జవాబు. 1889లో లిమరిక్ జిల్లా డ్రమ్‌కాలహర్‌లో రైతుల మొదటి సహకార క్రీమరీ (పాల నుంచి వెన్న తీసే కేంద్రం) తెరుచుకుంది. పాలు క్యాన్లలో అక్కడికి పోవడం మొదలయ్యాక, ఇంట్లో పీపా మూలపడింది. పీపా పోయిన ఊళ్లో వెన్న దొంగల భయం ఒకటి రెండు తరాల్లో కథగా మారింది. 1946 నుంచి పల్లెలకు కరెంటు వచ్చింది. గడప అవతలి చీకటి పలచబడింది. మిగిలినవి పిల్లల చేతుల్లో పడ్డవి, దూరమైనవాళ్లను గుర్తుచేసేవి. 1990 డిసెంబర్‌లో అధ్యక్షురాలైన మేరీ రాబిన్సన్ అధికార నివాసం కిటికీలో ఒక దీపం పెట్టించారు, వలసపోయిన ఐరిష్ వాళ్ల కోసం. క్రిస్మస్ కొవ్వొత్తి అర్థం ఎవరికీ వివరించాల్సిన పని లేకపోయింది.

బ్రిజిడ్ శిలువ కొట్టంలోంచి ఇంకా దూరం వెళ్లింది. 1961 డిసెంబర్ 31న మొదలైన ఐర్లండ్ టెలివిజన్ దాన్నే తన గుర్తుగా పెట్టుకుని మూడు దశాబ్దాలకు పైగా వాడింది. 2023 నుంచి సెయింట్ బ్రిజిడ్ పేరుతో ప్రభుత్వ సెలవు ఉంది. ఐర్లండ్‌లో ఒక స్త్రీ పేరుతో వచ్చిన మొదటి ప్రభుత్వ సెలవు ఇదే. డబ్లిన్‌లో ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లకు ఫిబ్రవరి మొదట్లో దొరికే లాంగ్ వీకెండ్ అదే. ఫిబ్రవరి 1 శుక్రవారం పడితే ఆ రోజే సెలవు, లేకపోతే ఆ నెల మొదటి సోమవారం. ఆఫీసుకు అది సౌకర్యమే. ఆచారం మాత్రం సోమవారానికి మారలేదు, జనవరి 31 సాయంత్రాన్నే పట్టుకుని ఉంది. బడిలో టీచర్ తడి గడ్డి కట్టలు పంచుతుంది. పిల్లలు ఒక పోచను నిలువుగా పట్టుకుని, ఇంకోదాన్ని మధ్యకు మడిచి దాని మీదుగా వేసి, పావు వంతు తిప్పి, మళ్లీ ఇంకోటి వేస్తారు. నాలుగు కొసలూ కట్టేసరికి చేతులకు పచ్చి వాసన పడుతుంది. ఇంటికి తెచ్చిన శిలువ తలుపు పైకి ఎక్కుతుంది. ఆ రాత్రి ఎక్కడో ఒక పొద మీద గుడ్డ ముక్క తడుస్తూ ఉంటుంది.